మంచు దుప్పటి కింద మా పూలతోట

2019 జనవరి 30, బుధవారం. చికాగో ఓహేర్ విమానాశ్రయంలో ఆ ఉదయం మైనస్ 23 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. సెల్సియస్‌లో చెప్పాలంటే మైనస్ 31కి దగ్గర. స్కూళ్లు లేవు, ఆఫీసులు లేవు. ఎండైనా వానైనా ఆగని పోస్టల్ సర్వీసు కూడా ఆ రోజు ఈ ప్రాంతంలో ఉత్తరాలు పంచడం మానుకుంది. మర్నాడు ఇల్లినాయ్ రాష్ట్రంలోనే మౌంట్ కారల్ అనే చిన్న ఊళ్లో మైనస్ 38కి పడిపోయి రాష్ట్ర రికార్డు బద్దలైంది.

మరుగుతున్న నీళ్లు గాల్లోకి చల్లితే నేలమీద పడేలోపే పొగలా మారిపోతాయట, చూద్దాం పదండి అని పిల్లలు ఒకటే గొడవ. మా కళ్లు మాత్రం బ్యాక్‌యార్డ్‌లో ఓ మూల, మంచులోంచి జానెడు పైకి కనిపిస్తున్న వెదురుపుల్ల మీదే ఉన్నాయి. ఆ పుల్ల కింద ఒక పియొనీ దుంప ఉంది. నిజానికి అది మాది కాదు. మమ్మల్ని నమ్మి ఒకరు అప్పగించింది. అప్పటికి రెండు వేసవులు గడిచినా ఒక్క పువ్వూ పూయలేదు. ఇప్పుడీ చలి! "ఇక ఆవిడకి మనం ఏం చెప్పాలి?" అని ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

చలిదేశాల్లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు చాలామందికి ఈ బాధ తెలిసే ఉంటుంది. వేసవిలో ముచ్చటపడి నర్సరీ నుంచి కుండీలు తెచ్చి నాటుతాం. చలికాలం వెళ్లాక చూస్తే సగం ఉండవు. "ఈ చలికి ఏం బతుకుతాయి లెండి" అనేసుకుని మళ్లీ నర్సరీకి పరిగెడతాం. మేమూ చాలా ఏళ్లు అదే పని చేశాం. మా మొక్కల్ని చంపుతున్నది చలి కాదని, ముప్పాతిక వంతు మా తొందర, మా భయమేనని ఆ పియొనీయే నేర్పింది.

పుట్టింటి మొక్క

మా పక్కింట్లో ఎనభై దాటిన ఒక అమెరికన్ పెద్దావిడ ఉండేవారు. ఆవిడ వాకిట్లో ఒక పియొనీ దుబ్బు. మే నెలాఖరులో గిన్నెంత తెల్లటి పూలు, మధ్యలో అక్కడక్కడా కుంకుమ చిలకరించినట్టు ఎర్రటి మచ్చలు. 'ఫెస్టివా మాక్సిమా' అనే రకం అది. 1851 నాటి ఫ్రెంచి రకం. పెళ్లయి కాపురానికి వచ్చినప్పుడు వాళ్లమ్మ తన పెరట్లో దుబ్బు నుంచి విడదీసి ఇచ్చిన ముక్కట. మనవాళ్లు పుట్టింటి నుంచి కరివేపాకు పిలక తెచ్చుకున్నట్టే!

ఏటా మెమోరియల్ డేకి, అంటే మే నెల చివరి సోమవారానికి, ఆవిడ ఆ పూలు కోసి వాళ్లమ్మ సమాధి దగ్గర పెట్టి వచ్చేవారు. ఈ దేశంలో పియొనీకి ఆ రోజుకి ఉన్న అనుబంధం పాతది. సరిగ్గా ఆ వారానికే ఉత్తరాది రాష్ట్రాల్లో ఇవి విచ్చుకుంటాయి కాబట్టి, పాత శ్మశానవాటికల్లో ఇప్పటికీ పియొనీ దుబ్బులు కనిపిస్తాయి.

2016 సెప్టెంబర్‌లో ఆవిడ ఇల్లు అమ్మేసి సీనియర్ హోమ్‌కి మారిపోయారు. అక్కడ మొక్కలకి చోటు లేదు. కొత్తగా కొన్నవాళ్లు ఆ స్థలంలో సిమెంటు చేయించుకుంటామన్నారు. ఆవిడ మా తలుపు తట్టి, "మీ పెరట్లో దీనికి కాస్త చోటిస్తారా? ఏడాదికి నాలుగు పూలు నాకిస్తే చాలు" అన్నారు. కాదనగలమా? ఆ వారాంతమే తవ్వి, అయిదు మొగ్గలున్న ముక్కని తెచ్చి నాటుకున్నాం. చలి తగలకూడదని మరీ జాగ్రత్తగా, మరీ లోతుగా... ఆ సంగతికి తర్వాత వద్దాం.

చలి ఒక్కటే శత్రువు కాదు

ఒకసారి నాటితే ఏళ్ల తరబడి తిరిగి వచ్చే మొక్కల్ని ఇక్కడ పెరెన్నియల్స్ అంటారు. మన వ్యవసాయశాఖ వాళ్ల భాషలో బహువార్షికాలు. వీటిలో చాలావాటికి చలికాలం రాగానే పైన కనిపించేదంతా ఎండిపోతుంది. ప్రాణం మాత్రం నేలలోకి దిగిపోతుంది. వేసవంతా ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లలో నిల్వ ఉంటుంది. మళ్లీ వసంతంలో రావలసిన మొగ్గలు మొదట్లో సిద్ధంగా ఉంటాయి. పగటి పొద్దు తగ్గుతూ చలి మెల్లగా పెరుగుతుంటే మొక్క తన కణాల్లో నీటిని తగ్గించుకుని చక్కెరల్ని పెంచుకుంటుంది. కారు రేడియేటర్‌లో మనం పోసే యాంటీఫ్రీజ్ లాంటిదే. అందుకు దానికి కొన్ని వారాల వ్యవధి కావాలి. ఆగస్టు తర్వాత నత్రజని ఎరువు వేస్తే లేత చిగుళ్లు వచ్చి, ఈ తయారీ అంతా పాడవుతుంది. మేము మొదటి రెండేళ్లు సెప్టెంబర్‌లో ఎరువు వేసి ఎంత మురిసిపోయామో!

ఇలా తయారైన మొక్కకి, పైన మంచు పరచుకుంటే అంతకన్నా మంచి దుప్పటి లేదు. మంచులో ఎక్కువ భాగం గాలే. ఆ గాలి నేల వెచ్చదనాన్ని బయటికి పోనివ్వదు. పైన గాలి మైనస్ 23 ఉన్నా అడుగు మంచు కింద నేల అంత చల్లబడదు. ఎస్కిమోలు మంచుతో ఇల్లు కట్టుకోవడంలో కిటుకు అదే.

అసలు ప్రమాదం మంచు లేని చలికాలంలో. అంతకంటే ప్రమాదం, ఒక వారం గడ్డకట్టి ఇంకో వారం కరిగే చలికాలంలో. 2019లోనే చూడండి. మైనస్ 23 తర్వాత వారం తిరక్కుండానే 40లు దాటి, 50 దాకా వెళ్లింది. నేలలో నీరు గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది. కరిగినప్పుడు కుంగుతుంది. ఈ ఉబ్బడం కుంగడం పదేపదే జరిగితే మొక్క మొదలు కొంచెం కొంచెంగా పైకి నెట్టుకొచ్చేస్తుంది. వేళ్లు తెగి, గాలికి ఎండి చచ్చిపోతాయి. శరదృతువులో ఆలస్యంగా నాటినవి, వేళ్లు పైపైనే ఉండే హ్యూకెరా లాంటివి ముందు బలైపోతాయి.

ఇక మూడో శత్రువు నీళ్లు. చికాగో శివార్లలో నేల బంకమట్టి. కొత్త కాలనీల్లో ఇళ్లు కట్టేటప్పుడు పైనున్న నల్లమట్టిని బుల్డోజర్‌తో గీకేస్తారు. మనకి మిగిలేది కింది బంకే. వానకి జిగురు, ఎండకి రాయి. చలికాలంలో ఆ బంకలో నీరు నిలిచిపోయి వేళ్లు కుళ్లిపోతాయి. మా లావెండర్లు మూడుసార్లు చనిపోతే మూడుసార్లూ చలినే తిట్టుకున్నాం. నాలుగోసారి అదే రకాన్ని ఎత్తుగా మట్టి పోసి, సన్నకంకర కలిపి నాటితే బతికింది. చలి అదే. తేడా నీళ్లు నిలవకపోవడమే!

జోన్ నంబరు మీద నమ్మకం

నర్సరీలో ప్రతి కుండీకి ఒక చీటీ ఉంటుంది. 'జోన్ 5', 'జోన్ 6' అని. అమెరికా వ్యవసాయ శాఖ దేశాన్ని చలిని బట్టి 13 జోన్లుగా విడగొట్టింది. 2012 మ్యాప్‌లో మా శివారు 5బి. అంటే ఏడాదిలో అతి చల్లటి రాత్రి మైనస్ 15కి, మైనస్ 10కి మధ్య ఉంటుందని. 2023లో కొత్త మ్యాప్ వచ్చింది. దేశంలో దాదాపు సగం ప్రాంతం అర జోను వెచ్చటి వైపు జరిగింది. ఇంకేం, జోన్ 6 మొక్కలన్నీ కొనేయొచ్చని సంబరపడినవాళ్లు మన మిత్రుల్లోనే ఉన్నారు.

ఇక్కడో మెలిక ఉంది. ఆ నంబరు 30 ఏళ్ల సగటు. ఏడాదికొక అతి చల్లటి రాత్రి చొప్పున ముప్ఫై రాత్రుల్ని కూడి భాగిస్తే వచ్చిన లెక్క. సగటు చూసి ఏరు దాటబోతే మధ్యలో మునిగిపోయినట్టే ఇదీ. 2019లో వచ్చిన మైనస్ 23, జోన్ 4 చలి. పదేళ్లకో ఇరవై ఏళ్లకో అలాంటి రాత్రి ఒకటి వస్తే చాలు. అందుకే మేము ప్రాణంగా చూసుకునే మొక్కల్ని మా జోను కంటే ఒక జోను చల్లటి లెక్కలో కొంటాం. ముచ్చటపడి పెంచేవాటికి మా జోనే సరిపోతుంది. పోతే పోయిందిలే అనుకోగలిగినవి కదా! చికాగోకి ఉత్తరాన గ్లెన్‌కోలో ఉన్న చికాగో బొటానిక్ గార్డెన్ వాళ్లు రకరకాల పెరెన్నియల్స్‌ని ఇదే నేలలో, ఇదే చలిలో ఏళ్ల తరబడి పెంచి చూసి ఏది తట్టుకుంటుందో చెబుతారు. కుండీ మీద చీటీ కంటే ఆ మాట మాకు గట్టి నమ్మకం.

మందారం చచ్చిపోలేదు!

మందారం లేని పెరడు మనకి పెరడేనా? మన మందారాన్ని ఇక్కడ అక్టోబర్ రాగానే ఇంట్లోకి మోసుకెళ్లాలి. మల్లె కుండీదీ అదే కథ. కానీ మందారానికి ఈ దేశంలో ఒక చలి చుట్టం ఉంది. రోజ్ మ్యాలో అంటారు. నర్సరీలో హార్డీ హైబిస్కస్ అని అడిగితే ఇస్తారు. చలికాలంలో నేల మట్టానికి ఎండిపోయి, వేసవిలో మళ్లీ మనిషెత్తు లేచి, అన్నం కంచమంత పూలు పూస్తుంది. ఒక్కో పువ్వు ఉండేది ఒక్కరోజే. మర్నాటికి ఇంకోటి సిద్ధం.

మేము నాటిన మొదటి మొక్క 2018 మే నెలలో పలుకూ లేదు ఉలుకూ లేదు. చుట్టూ డేలిలీలు మోకాలెత్తు వచ్చేశాయి. హోస్టాలు విప్పుకున్నాయి. ఇది మాత్రం ఎండుకట్టె. ఇక లాభం లేదని పార పట్టుకున్నాం. అప్పుడే ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ వరండాలో కూర్చుని చూస్తోంది. "తొందరెందుకు మీకు? ముందు వేరు మీద గోరు పెట్టి గీకి చూడండి, పచ్చి ఉందో లేదో" అంది. మట్టి తీసి చూస్తే ఎండుకట్టెల అడుగున బియ్యపు గింజల్లా తెల్లటి మొలకలు! పార అంచు తగిలి రెండు విరిగిపోయాయి కూడా. గబగబా మట్టి కప్పేశాం. జూన్ మొదటివారంలో చిగుళ్లు పైకొచ్చాయి. ఆగస్టులో మొదటి పువ్వు అమ్మే కోసి దేవుడికి పెట్టింది.

ఈ మొక్కకి నేల బాగా వేడెక్కితేగాని మెలకువ రాదు. బెలూన్ ఫ్లవర్, బటర్‌ఫ్లై వీడ్ కూడా ఇలాగే నిద్రమొహాలు. అంతకుముందు ఏళ్లలో చచ్చిపోయాయనుకుని మేము పీకి పారేసినవాటిలో ఎన్ని బతికున్నాయో తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అప్పటి నుంచి జూన్ పదిహేను దాటేదాకా ఏ మొక్కకీ మరణధ్రువీకరణ ఇవ్వకూడదని మా ఇంట్లో నియమం.

లోతు తెచ్చిన తంటా

మళ్లీ పియొనీ దగ్గరికి వద్దాం. 2019 భయంకరమైన చలి తర్వాత, ఏప్రిల్ 27న మళ్లీ మంచు పడింది. వెదురుపుల్ల చుట్టూ రోజూ చూసేవాళ్లం. మే నెల వచ్చాక ఎర్రటి వేళ్లలాంటి మొలకలు నేల చీల్చుకుని వచ్చాయి. బతికింది! ఆనందానికి హద్దులేదు. కానీ మే నెలాఖరుకి ఆకులు నవనవలాడుతున్నా మొగ్గ ఒక్కటీ లేదు. మెమోరియల్ డే నాడు ఆవిడ ఫోన్. "ఈ ఏడు పూసిందా?" "లేదండీ, ఆకులు బాగున్నాయి" అన్నాం. "పర్లేదు, దానికి కోపమొస్తే అంతే" అని నవ్వేశారు. ఆవిడ నవ్వినా మాకు నవ్వు రాలేదు. వరసగా మూడో ఏడు అదే మాట చెప్పాం మరి.

పియొనీని కదిపితే రెండు మూడేళ్లు అలగడం మామూలే. మూడు దాటితే మాత్రం ఏదో తప్పు జరిగినట్టు. ఆ సెప్టెంబర్‌లో జాగ్రత్తగా మట్టి తీసి చూశాం. చెరకు గడకి కళ్లున్నట్టే పియొనీ దుంపకీ కళ్లుంటాయి. గులాబి రంగు మొగ్గలవి. అవి నేల పైభాగానికి ఒకటి, మహా అయితే రెండు అంగుళాల లోపే ఉండాలి. స్కేలు పెట్టి కొలిస్తే మావి అయిదు అంగుళాల కింద ఉన్నాయి. చలి తగలకూడదని పాపం మేమే పాతిపెట్టాం!

పియొనీ పూయాలంటే దాని కంటికి చలి సోకాలి. చలికాలంలో కొన్ని వారాలు చల్లగా గడిస్తేగాని దాని మొగ్గకి మెలకువ రాదు. అమెరికా దక్షిణ కొసన వెచ్చటి ఊళ్లలో పియొనీ సరిగా పూయకపోవడానికి కారణం అదే. మేము దేని నుంచి కాపాడాలని మూడేళ్లు తపనపడ్డామో, దానికి కావలసింది సరిగ్గా అదే. పిల్లల్ని పెంచేటప్పుడూ మనం చేసే పొరపాటు ఇదేనేమో అని ఆ సాయంత్రం టీ తాగుతూ అనుకున్నాం.

దుంప ఎత్తి, కింద మట్టి బాగా అదిమి, కంటి మీద అంగుళంన్నర మట్టి ఉండేలా మళ్లీ నాటాం. ఆ ఏడు అక్టోబర్ 31న హాలోవీన్ రోజునే చికాగోలో మూడంగుళాల పైన మంచు పడింది. పిల్లలు స్పైడర్‌మ్యాన్ వేషం మీద కోటు వేసుకుని చాక్లెట్లకి వెళ్లారు. మేము మాత్రం ఈసారి గాభరా పడలేదు.

తంగేడుకి చుట్టం, చామంతికి చోటు

సెప్టెంబర్ రాగానే ప్రతి గ్రాసరీ స్టోర్ ముందు చామంతి కుండీలు బారులు తీరతాయి. బంతిలా గుండ్రంగా, నిండా మొగ్గలతో. కొని తెచ్చి నాటితే వచ్చే ఏడు రావడం అరుదు. పూలు పూయడానికే శక్తంతా ఖర్చయిపోతుంది. నేల గడ్డకట్టేలోపు వేళ్లు దిగడానికి వ్యవధి ఉండదు. చామంతి ఏళ్ల తరబడి కావాలంటే వసంతంలోనే చిన్న మొక్క నాటాలి. చలికి ఆగే రకం ఎంచుకోవాలి. మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు తమ చలికి ఆగేలా తయారుచేసిన 'మామత్' చామంతులు, పాతకాలపు 'షెఫీల్డ్ పింక్' మా పెరట్లో నిలబడ్డాయి. పూలు అయిపోయాక కొమ్మలు కత్తిరించకుండా వసంతం దాకా ఉంచేస్తే మొదలుకి కాస్త కాపు. మంచు కూడా ఆ కొమ్మల మధ్య నిలుస్తుంది.

ఇక తెలంగాణ మిత్రులకి ఒక తీపి కబురు. తంగేడుకి ఈ గడ్డ మీద ఒక దాయాది ఉంది. పేరు వైల్డ్ సెన్నా. రెండూ సెన్నా ప్రజాతివే. చలికి నేల మట్టానికి పోయి మళ్లీ నాలుగైదు అడుగులు లేచే ఈ మొక్క ఇల్లినాయ్‌కి స్థానికురాలు. అదే పచ్చటి పసుపు, చింతాకు లాంటి ఆకులు. తొలిసారి చూసిన మా మిత్రురాలు, "అరే, తంగేడు!" అని కారు ఆపించింది. చిక్కల్లా ఒకటే. ఇది జూలై, ఆగస్టుల్లో పూసేస్తుంది. బతుకమ్మ నాటికి కాయలే మిగులుతాయి. అప్పటికి చేతికందేవి ఊదారంగు న్యూ ఇంగ్లండ్ ఆస్టర్లు, సెడమ్, చామంతులు, ఆఖరి రుడ్‌బెకియాలు. ఫ్రాస్ట్ ముందే రాకపోతే బంతి కూడా. ఇవి పేర్చి చూడండి, బతుకమ్మకి లోటు రాదు. వేసవిలో అరోరా బాలాజీ గుడికి బయల్దేరేటప్పుడు మన పెరటి పూలు పట్టుకెళ్లడంలో ఉన్న తృప్తి స్టోర్‌లో కొన్న పూలల్లో ఎక్కడుంటుంది?

మార్చి ఎండని నమ్మొద్దు

చలికాలం కంటే కష్టకాలం వసంతం. 2012 మార్చిలో చికాగోలో రోజుల తరబడి 80 డిగ్రీలు దాటింది. జనం షార్ట్స్ వేసుకుని లేక్ మిషిగన్ ఒడ్డుకి వెళ్లారు. చెట్లు కూడా ఎండాకాలం అనుకుని పూసేశాయి. ఏప్రిల్‌లో మళ్లీ ఫ్రాస్ట్ పడింది. పక్క రాష్ట్రం మిషిగన్‌లో పుల్ల చెర్రీ పంట దాదాపు 90 శాతం పోయింది. ఆపిల్ రైతులూ దెబ్బతిన్నారు. అదే ఏడు జూలై 4, 5, 6 మూడు రోజులూ చికాగోలో 100 దాటి, దానికి తోడు కరువు. 2024 ఫిబ్రవరి 27న 70 దాటిన ఎండ, మర్నాటి ఉదయానికి గడ్డకట్టే చలి.

ఇలాంటి ఎండ రాగానే మనకి చేతులు ఊరుకోవు. కప్పిన ఆకులన్నీ తీసేసి శుభ్రం చేద్దామనిపిస్తుంది. అదే మొక్కకి దెబ్బ. పైకప్పు తీస్తే నేల ముందే వేడెక్కి, మొలక ముందే వచ్చి, తర్వాతి ఫ్రాస్ట్‌కి బలైపోతుంది. పైగా అప్పుడు బంకమట్టి తడిగా ఉంటుంది. దాని మీద నడిస్తే అడుగు అడుగుకీ ఇటుకలా బిగుసుకుపోతుంది. చికాగో డౌన్‌టౌన్‌లో మిలీనియం పార్క్ వెళ్లినవాళ్లు లూరీ గార్డెన్ చూసే ఉంటారు. 2004లో తెరిచిన ఈ తోటలో పెరెన్నియల్స్ అమరిక డచ్ నిపుణుడు పీట్ ఔడాల్ఫ్‌ది. కింద కార్ల పార్కింగ్, పైన తోట! అక్కడ ఎండిన కొమ్మల్ని చలికాలమంతా అలాగే నిలబెట్టి ఉంచుతారు. మంచులో ఆ గోధుమరంగు పుల్లలు, గింజల కోసం వాలే పిట్టలు... ఎండిన తోటకీ ఒక అందం ఉందని మాకు తెలిసింది అక్కడే.

మేము పాటిస్తున్నవి

కొత్త మొక్కలు వీలైనంతవరకు మే, జూన్ నెలల్లోనే నాటుతాం. పియొనీ ఒక్కటే దీనికి మినహాయింపు. దానికి సెప్టెంబర్ మంచిది. మిగతావాటిని శరదృతువులో నాటాల్సివస్తే నేల గడ్డకట్టడానికి ఆరు వారాల ముందే పని ముగిస్తాం.

అక్టోబర్, నవంబర్‌లలో వానలు లేకపోతే వారానికోసారి నీళ్లు పెడతాం. ఎండిన వేళ్లతో చలికాలంలోకి వెళ్లిన మొక్క నిలవడం కష్టం.

ఎండుటాకులు కప్పేది థాంక్స్ గివింగ్ దాటి, నేల గడ్డకట్టిన తర్వాతే. చాలామంది మొక్కకి వెచ్చగా ఉండాలని ముందే కప్పేస్తారు. ఆకులు కప్పడం వెచ్చదనం కోసం కాదు. గడ్డకట్టిన నేలని వసంతం దాకా అలాగే ఉంచడానికి. ముందే కప్పితే ఎలుకలు కూడా కాపురం పెడతాయి.

దారి మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు మొక్కల మొదట్లోకి పోకుండా చూస్తాం. డ్రైవ్ వే నుంచి ఎత్తిపోసే మంచులోనూ ఆ ఉప్పు ఉంటుందని మరవకండి.

నేల కరిగాక మొక్క మొదలు పైకి తేలి కనిపిస్తే బొటనవేలితో నెమ్మదిగా అదిమి, చుట్టూ కాస్త కంపోస్టు వేస్తాం. దాన్ని అలా వదిలేస్తే పదిరోజుల్లో ఎండిపోతుంది.

మొలకలు వచ్చాక ఫ్రాస్ట్ హెచ్చరిక వస్తే సాయంత్రమే పాత నూలు చీరలు కప్పుతాం. అంచులు నేలకి ఆనాలి. అప్పుడే నేల వేడి లోపల నిలుస్తుంది. పొద్దున్నే తీసేయాలి. ప్లాస్టిక్ షీటు మాత్రం ఆకులకి తగలనివ్వకండి. తగిలినచోట ఆకు మాడిపోతుంది. చీరలు కప్పిన మా పెరడు చూసి, "ఇవాళ మీ ఇంట్లో పండగా?" అని అడిగిన అమెరికన్లూ ఉన్నారు.

నాలుగు పూలు

2020 వేసవి కరోనాతో గడిచిపోయింది. పియొనీకి ఆ ఏడు ఒకే ఒక్క మొగ్గ వచ్చి, బఠాణీ అంత అయ్యాక ఎండిపోయింది. ఆవిడని చూడటానికి వెళ్లే వీలు లేదు. సీనియర్ హోమ్‌లోకి ఎవరినీ రానిచ్చేవారు కాదు. ఫోన్‌లోనే మాట్లాడుకున్నాం. మొగ్గ ఎండిపోయిందని చెప్పడానికి మనసొప్పక, "మొగ్గ వచ్చిందండీ" అని మాత్రం చెప్పాం.

2021 మే. కొమ్మ కొమ్మకీ మొగ్గలు. తేనె కోసం చీమలు పాకుతుంటే పిల్లలు మందు కొడదామన్నారు. వద్దన్నాం. చీమల వల్ల పువ్వుకి నష్టమూ లేదు, అవి లేకపోయినా పువ్వు విచ్చుకోకా మానదు. ఆ ఏడు మెమోరియల్ డే మే 31న వచ్చింది. ముందురోజు పొద్దున్న చూస్తే నాలుగు పూలు విచ్చుకుని ఉన్నాయి. తెల్లటి రేకులు, ఎర్రటి మచ్చలు. లెక్కపెట్టినట్టు సరిగ్గా నాలుగే!

తడిగుడ్డ చుట్టి, నీళ్ల బకెట్‌లో పెట్టుకుని వెళ్లాం. అప్పటికి చూడటానికి రానిస్తున్నారు. ఆవిడ చక్రాల కుర్చీలో బయటికి వచ్చారు. చూపు బాగా తగ్గింది. పువ్వు దగ్గరకి పెట్టుకుని వాసన చూశారు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మ దగ్గరికి తీసుకెళ్లండి. మూడు అక్కడ పెట్టండి. ఒకటి నాకుంచండి" అన్నారు. మేమే తీసుకెళ్లి ఆ సమాధి దగ్గర పెట్టాం. మనకి అలవాటు లేని చోటు, తెలియని మనిషి. అయినా చేతులు వాటంతట అవే నమస్కారం పెట్టాయి.

తర్వాతి శరదృతువుకి ఆవిడ లేరు. ఇప్పుడా దుబ్బు నుంచి రెండు ముక్కలు విడదీసి ఇద్దరు మిత్రుల ఇళ్లకి ఇచ్చాం. ఇచ్చేటప్పుడు స్కేలు కూడా పట్టుకెళ్లాం. "ఎంత చలేసినా భయపడకండి, రెండంగుళాలు దాటి పాతకండి" అని చెప్పి వచ్చాం. ఒకరి ఇంట్లో ఇంకా పూయలేదు. వాళ్లు ఫోన్ చేసి అడిగినప్పుడల్లా మేము ఒకటే మాట చెబుతున్నాం. "పర్లేదు. ఇంకో చలికాలం చూడండి."